రెండు సూదులు కలిస్తే బలం రెట్టింపవుతుందా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. జెర్సీ సంకరజాతి ఆవు, రెండో ఈత, ఈని మూడు వారాలు. పూటకు ఎనిమిది లీటర్లు ఇస్తుండేది. వెనక ఎడమ చన్ను వాచి రాయిలా గట్టిపడింది. మందుల షాపులో ఆంపిసిల్లిన్-క్లాక్సాసిల్లిన్, ఆక్సీటెట్రాసైక్లిన్ రెండూ ఇచ్చారు, కలిపి వేస్తే బలమన్నారు. రెండు రోజులు వేయించి, వాపు తగ్గిందని ఆపేశాం. ఐదో రోజుకి మళ్ళీ వాచింది. ఇప్పుడు మూడో మందు కూడా కలపమంటున్నారు. కలపొచ్చా? మిగతా మూడు చన్నుల పాలు కేంద్రానికి పోయొచ్చా?
– ఒక మహిళా పాడి రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: మూడోది వద్దమ్మా. ముందు ఆ రెండింటి సంగతి వినండి.

ఆంపిసిల్లిన్, క్లాక్సాసిల్లిన్ పెన్సిలిన్ జాతివి. క్రిమి పెరుగుతూ తన చుట్టూ గోడ కట్టుకునేటప్పుడు ఆ గోడను నిలవనివ్వకుండా చంపుతాయి. ఆక్సీటెట్రాసైక్లిన్ చంపదు, క్రిమి పెరగకుండా ఆపుతుంది. పెరగని క్రిమి గోడ కట్టదు. గోడే కట్టనప్పుడు పెన్సిలిన్‌కి పనేముంది? ఒకదాని పనికి ఇంకొకటి అడ్డం పడుతుంది.

కలపడమే తప్పని కాదు. పొదుగువాపు తెచ్చే స్టెఫైలోకాకస్ క్రిముల్లో చాలావాటి దగ్గర ఆంపిసిల్లిన్‌ని విరిచేసే ఎంజైము ఉంటుంది, క్లాక్సాసిల్లిన్ దానికి లొంగదు. అందుకే ఆ జంట. అమాక్సిసిల్లిన్‌కి సల్బాక్టమ్ జోడించేదీ ఆ ఎంజైమును అడ్డుకోవడానికే. అయితే ఇవి ఏ క్రిమికో తెలిసి కలిపినవి. కలపకూడని మందులూ ఉన్నాయి. జెంటామైసిన్ అనే సూది మందుని పెన్సిలిన్‌తో ఒకే సిరంజిలో లాగితే జెంటామైసిన్ బలం పోతుంది. మీది ఈనిన ఆవు, కాల్షియం సీసా ఎక్కించాల్సి రావచ్చు. సెఫ్‌ట్రయాక్సోన్ అనే సూది మందు దాంతో కలిస్తే తెల్లగా విరుగుతుంది. ఆ రెండూ ఒకేసారి నరానికి ఎక్కించనివ్వకండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముర్రా గేదెకి తెలిసిన మందులన్నీ వేశాను. పాల నమూనా మాత్రం అన్నీ అయ్యాక పంపాను. అప్పటికే ఒంట్లో మందులుండటంతో పరీక్షలో ఏ క్రిమీ పెరగలేదు. చన్ను ఎండిపోయింది. ఆ ఇంటావిడ మూడు చన్నులే పితుకుతూ, "ఇది ఇంక రాదా, డాక్టరుబాబూ?" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకే మీకింత గట్టిగా చెబుతున్నాను.

మీరు సూదులు ఆపి కొన్ని రోజులైంది కాబట్టి, మళ్ళీ ఏ మందైనా వేయకముందే నమూనా తీయండి. పశువుల ఆసుపత్రిలో క్రిమిరహిత సీసా అడగండి. వాచిన చన్ను కడిగి, పొడిగా తుడిచి, మొనని స్పిరిట్ దూదితో రుద్దండి. మొదటి మూడు నాలుగు ధారలు వదిలేయండి. సీసాని వాలుగా పట్టి, అంచు చన్నుకి తగలకుండా పితకండి. ఐసులో పెట్టి జిల్లాలోని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకి చేర్చండి. ఏ క్రిమో, ఏ మందుకి లొంగుతుందో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. జ్వరమొచ్చినా, మేత మానినా, పాలు పచ్చటి నీళ్ళలా వచ్చినా ఫలితం కోసం ఆగొద్దు. నమూనా తీసి ఉంచి వెంటనే డాక్టరుని పిలవండి, లేదా పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి. ఈసారి వాపు తగ్గినా డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయించాలి.

పాల సంగతి. సూది మందు రక్తంలో కలిసి నాలుగు చన్నులకీ వెళ్తుంది. కాబట్టి ఆ మూడింటి పాలు కూడా పోయకండి. పాలు వాడకూడదని మందు సీసా మీద రాసినన్ని రోజులు ఆగండి, ఏమీ రాయకపోతే చివరి సూది నుంచి కనీసం 7 రోజులు. పూటకి ఎనిమిది లీటర్లంటే ఎంత నష్టమో నాకు తెలుసు. కానీ ఆ పాలు తాగేవాళ్ళలో పసిపిల్లలుంటారమ్మా.

వాచిన చన్నుని రోజుకి నాలుగైదు సార్లు ఖాళీ చేయండి. ఆ పాలు కొట్టంలో పారబోయకుండా గుంటలో పోయండి. ఆ ఆవుని అన్నిటికన్నా చివర పితకండి. పితికాక అరగంట పడుకోకుండా ముందు మేత వేయండి, చన్ను రంధ్రం మూసుకోవడానికి ఆ మాత్రం టైము కావాలి.

సీసా ఇవాళే తెచ్చుకోండి, రేపు పొద్దున మొదటి పితుకుకే నమూనా తీయొచ్చు.