వేలం మధ్యలో "ఆపేసి నాకిచ్చేయండి" అని అడగొచ్చా?

ప్రశ్న: నాకు ఫిల్మ్ కెమెరాల పిచ్చి. ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటులో నికాన్ ఎఫ్ఎం2 కెమెరా ఒకటి వేలానికి పెట్టారు, సెల్లర్ జపాన్ అతను. ఇంకా నాలుగు రోజులు టైముంది, రెండు బిడ్లు పడ్డాయి, రేటు 120 డాలర్ల దగ్గరుంది. 'వేలం ఆపేసి నాకిచ్చేయండి, 200 ఇస్తాను' అని మెసేజ్ పెడదామనుకుంటున్నాను. అడిగితే పోయేదేముంది అంటున్నారు ఫ్రెండ్స్. అడగొచ్చా? (బ్రాడీపేట, గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

అడగొద్దండీ. రెండు బిడ్లు పడ్డాయని మీరే రాశారు కాబట్టి సూటిగా చెప్తున్నాను. ఒక్క బిడ్డు కూడా లేకపోతే వేరే సంగతి, దానికి మర్యాదైన దారి ఒకటుంది, అదీ చెప్తాను.

వినాయక చవితికి మన పేటల్లో లడ్డూ వేలంపాట పెడతారు కదా. పాట పదివేల దగ్గరుండగా ఒకాయన కమిటీ పెద్దని పందిరి వెనక్కి తీసుకెళ్లి 'పదిహేను ఇస్తా, పాట ఆపించి లడ్డూ నా కారులో పెట్టించు' అన్నాడనుకోండి, ఆ పెద్దమనిషి సరేనంటే రేపటినుంచి ఆ పందిట్లో ఎవరైనా పాట పాడతారా? మూడోసారి అనేదాకా పాడే అవకాశం అందరికీ ఉంటుందన్న నమ్మకంతోనే కదా జనం అక్కడ నిలబడేది. ఆన్‌లైన్‌లో తేడా ఏంటంటే మీరు పెట్టే మెసేజ్ ఆ ఇద్దరు బిడ్డర్లకీ కనిపించదు. ఆదివారం రాత్రి క్లోజ్ అవుతుందని వాళ్లు టైము గుర్తుపెట్టుకుని ఎదురుచూస్తుంటారు, గురువారం చూస్తే లిస్టింగే ఉండదు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. నాకు ఇందులో అన్నిటికన్నా ఇబ్బందిగా అనిపించేది ఇదే, రూల్స్ సంగతి ఆ తర్వాతే.

రూల్స్ కూడా ఉన్నాయి. ఈబేలో వేలం ముగియడానికి 12 గంటలకి పైగా టైముంటే సెల్లర్ బిడ్లు క్యాన్సిల్ చేసి లిస్టింగ్ తీసేయొచ్చు, లేదా ఆ క్షణానికి ఎక్కువ పాడినవాళ్లకి అమ్మేసి ముగించొచ్చు. 12 గంటల లోపుకి వచ్చాక, బిడ్లుంటే, క్యాన్సిల్ చేసి వెళ్లిపోవడం కుదరదు. వస్తువు పోయింది, పగిలింది, లిస్టింగ్‌లో ఏదో తప్పు రాశాం లాంటి కారణాల కోసం పెట్టిన వెసులుబాటు ఇది, ఇన్‌బాక్స్‌లో ఇంకొకరు మంచి రేటు చెప్పారని వాడుకోవడానికి కాదు. బిడ్లున్న వేలాన్ని మధ్యలో ఆపితే సెల్లర్‌కి ఫీజు పడే అవకాశం కూడా ఉంది. అంటే మీరు అడిగేది 'కెమెరా ఇవ్వండి' ఒక్కటే కాదు, 'నా కోసం మీ అకౌంట్‌ని కాస్త రిస్కులో పెట్టండి' అని కూడా. ముక్కూ మొహం తెలియని మనిషిని అలా అడగడం బాగుండదు.

పైగా వ్యాపారం తెలిసిన సెల్లర్ ఎవరూ ఒప్పుకోరు. ఈబే వేలంలో అసలు పోటీ చివరి నిమిషాల్లోనే ఉంటుంది. ఆల్విన్ రాత్ అని ఆర్థికవేత్త, 2012లో నోబెల్ వచ్చిందాయనకి, ఆక్సెల్ ఒకెన్‌ఫెల్స్ అనే ఆయనతో కలిసి 2002లో దీని మీద ఒక పరిశోధన అచ్చువేశారు. అప్పట్లో అమెజాన్‌కి కూడా వేలం సైటు ఉండేది. అక్కడ చివర్లో ఎవరైనా బిడ్ వేస్తే టైము పది నిమిషాలు పెరిగేది, ఈబేలో మాత్రం టైము అయ్యిందంటే అయిపోయినట్టే. ఈ ఒక్క తేడా వల్లే ఈబేలో జనం ఆఖరి నిమిషం దాకా ఆగి బిడ్ వేయడం చాలా ఎక్కువగా కనిపించింది. కాబట్టి నాలుగు రోజుల ముందు 120 దగ్గర ఉందంటే అది కెమెరా ధర కాదు, ఇంకా ఎవరూ చెయ్యి ఎత్తలేదని అర్థం. రోజూ కెమెరాలు అమ్ముకునే మనిషికి ఇది మనకన్నా బాగా తెలుసు. మీ 200 చూసి, 'ఈయనే 200 అంటున్నాడంటే ఇంకా పైకి వెళ్తుంది' అని ఆగుతాడు. మీ గరిష్ఠ ధర ఎంతో మీరే రాసిచ్చినట్టు అవుతుంది.

మరేం చేయాలి? ఆ 200ని మెసేజ్‌లో రాయకుండా బిడ్ బాక్సులో రాయండి. చాలామంది 125, 130, 135 అంటూ కాస్తకాస్త పెంచుకుంటూ పోయి టెన్షన్ పడుతుంటారు, అవసరం లేదు. మీరు ఇవ్వగలిగిన ఎక్కువ మొత్తం ఒక్కసారి రాస్తే ఈబేనే మీ తరఫున అవసరమైనంత వరకే పెంచుతుంది. మీరు 200 రాశారు, అవతలివాళ్ల గరిష్ఠం 165 అనుకోండి, ఆ రేటు దగ్గర ఒక్కో పెంపు రెండున్నర డాలర్లు కాబట్టి మీకు 167.50కే వస్తుంది. 200 మొత్తం ఇవ్వక్కర్లేదు. నాలుగు రోజులు ముందే మీ ఆసక్తి బయటపడటం ఇష్టం లేకపోతే చివరి నిమిషంలో వేయండి, అది మోసమేమీ కాదు, సైటు ఒప్పుకున్న పద్ధతే. కాకపోతే ఆ టైముకి మీ ఇంట్లో కరెంటూ నెట్టూ ఉండాలి.

ఆ 200లో ఏమేం కలిసి ఉన్నాయో కూడా ఒకసారి చూసుకోండి. జపాన్ నుంచి షిప్పింగ్ వేరు, ఇక్కడికి వచ్చాక కస్టమ్స్ డ్యూటీ వేరు. రెండూ కలిపాక మీ బడ్జెట్‌లో మిగిలేదే మీ బిడ్.

సెల్లర్‌కి మెసేజ్ పెట్టాలని ఉంటే తప్పకుండా పెట్టండి, కానీ కెమెరా గురించి అడగండి. ఎఫ్ఎం2 మొదట 1982లో వచ్చింది, అంత పాత కెమెరాల్లో వెనక మూత చుట్టూ ఉండే లైట్ సీల్స్, అంటే వెలుగు లోపలికి రాకుండా అతికించిన నల్లటి ఫోమ్, మెత్తబడి జిగురులా వేలికి అంటుకుంటుంది. అది మార్చారా? షటర్ సెకనులో 4000వ వంతు దాకా అన్ని స్పీడ్లలో పని చేస్తోందా? వెలుగు ఎంతుందో కొలిచే మీటర్ చూశారా? ఎఫ్ఎం2 షటర్‌కి బ్యాటరీ అక్కర్లేదు, మీటర్‌కే కావాలి, అందుకని చాలామంది బ్యాటరీ వేసి చూడకుండానే 'వర్కింగ్' అని రాసేస్తారు. లెన్స్‌తో కలిపి అమ్ముతుంటే ఫంగస్ ఉందేమో టార్చి వేసి ఫొటో తీసి పెట్టమనండి. మన కోస్తా ఉక్కపోతలో చిన్న ఫంగస్ మచ్చ ఇంకా పెరుగుతుంది. ఇలాంటి ప్రశ్నలకి ఓపికగా జవాబిచ్చే సెల్లర్ దగ్గర ధైర్యంగా బిడ్ వేయొచ్చు.

ఇప్పుడు బిడ్లు పడని సందర్భం. అప్పుడు అడగడంలో తప్పు లేదు, కాకపోతే 'ఆపండి' అనకుండా, బై ఇట్ నౌ ధర పెట్టే ఉద్దేశం ఉందా అని అడగాలి. అంటే ఆ రేటు ఇచ్చి ఎవరైనా వెంటనే కొనుక్కోవచ్చు, అందరికీ కనిపిస్తుంది. మెసేజ్ ఇలా ఉంటే చాలు: 'నమస్తే, మీ కెమెరా నచ్చింది. బిడ్లు పడకముందు బై ఇట్ నౌ ధర పెట్టే ఆలోచన ఉంటే ఇంత వరకు ఇవ్వగలను. లేకపోతే వేలంలోనే పాల్గొంటాను, ఇబ్బంది లేదు.' ఒక్కసారి, సైటులోని మెసేజ్ బాక్సులోనే. జవాబు రాకపోతే అదే జవాబు, మళ్లీ గుర్తుచేయొద్దు. మా అబ్బాయి పుట్టినరోజు, ఎల్లుండే ఊరెళ్తున్నాం లాంటి కథలు అక్కర్లేదు. తక్కువ రేటు చెప్పి 'ఇంతకన్నా ఎవరూ ఇవ్వరు' అనడం అయితే అస్సలు వద్దు.

ఇంకో మాట. 'సైటు బయట చూసుకుందాం, మీకు ఫీజు మిగులుతుంది' అని మాత్రం మీరు అనొద్దు, అవతలివాళ్లు అన్నా ఒప్పుకోవద్దు. ఈబే రూల్స్ ప్రకారం ఇద్దరిదీ తప్పే. అంతకన్నా ముఖ్యం, బయట కొన్నదానికి ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ, అంటే వస్తువు రాకపోయినా చెప్పినట్టు లేకపోయినా డబ్బు తిరిగిచ్చే హామీ, వర్తించదు. ఈబే ఇండియా సైటు 2018 ఆగస్టులో మూతపడింది, అప్పటి పైసాపే (ఆ సైటులో డబ్బు కట్టే పద్ధతి) అలవాటున్నవాళ్లు ఇది గమనించాలి, ఇప్పుడు మనం కొనేది విదేశీ సైటులో. కెమెరా ఫంగస్‌తో వచ్చిందనుకోండి, గుంటూరులో కూర్చుని జపాన్‌లో ఉన్న మనిషి మీద ఎక్కడ ఫిర్యాదు చేస్తారు?

ప్రశ్న: పాత నాణేల వాట్సాప్ గ్రూపులో నేనే వేలం పెట్టాను, రాత్రి 9కి క్లోజింగ్ అన్నాను. 1,800 దాకా వచ్చింది. ఒకాయన విడిగా మెసేజ్ చేసి '3,000 ఇస్తాను, ఇప్పుడే క్లోజ్ చేయండి' అంటున్నారు. పెద్దాయన, కాదనలేకపోతున్నాను. (గవర్నర్‌పేట, విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

కాదనక్కర్లేదమ్మా, గ్రూపులోకి పంపించండి. 'మీ ఆసక్తికి థ్యాంక్స్ అండీ, 9 దాకా అని అందరికీ చెప్పేశాను, దయచేసి ఆ 3,000 గ్రూపులోనే పాడండి' అని రాయండి. నిజంగా అంత ఇచ్చే మనిషైతే అక్కడా పాడతారు. వాట్సాప్ గ్రూపులో ఈబేలా కాపలా కాసేవాళ్లు ఎవరూ ఉండరు, మీ మాటే రూలు. ఒక్కసారి 9 అని చెప్పి 6కే మూసేస్తే, వచ్చే నెల మీరు పెట్టే వేలంలో 'ఈమె ఎలాగూ ముందే ఇచ్చేస్తుంది' అని పాడేవాళ్లు తగ్గిపోతారు.

మన చట్టం కూడా దీని గురించి మాట్లాడింది. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 64వ సెక్షన్ వేలం గురించే. సుత్తి దెబ్బతోనో ఇంకేదైనా అలవాటైన పద్ధతిలోనో ముగిసిందని ప్రకటించాకే అమ్మకం పూర్తవుతుంది, అప్పటిదాకా పాడినవాళ్లు తమ పాట వెనక్కి తీసుకోవచ్చు. రేటు పెంచడానికి అమ్మేవాళ్లు దొంగపాట పాడిస్తే కొన్నవాళ్లు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. కాబట్టి పాట ఊపందుకోవాలని తమ్ముడి నంబరుతో బిడ్ వేయించడాలు వద్దు. ఈసారి నుంచి ముందే రాసిపెట్టండి, చివరి ఐదు నిమిషాల్లో బిడ్ వస్తే ఇంకో ఐదు నిమిషాలు పెరుగుతుందని. చివరి సెకను గొడవలు చాలావరకు తగ్గుతాయి. నాణెం పోవడం లాంటి నిజమైన కారణంతో మధ్యలో ఆపాల్సి వస్తే గ్రూపులోనే అందరికీ చెప్పండి, అప్పటికి ఎక్కువ పాడినవాళ్లకి విడిగా కూడా ఒక మాట చెప్పండి.

ఆ పెద్దాయన 'అడ్వాన్స్ పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అంటే మాత్రం వెంటనే బ్లాక్ చేయండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టారంటే మీ డబ్బే పోతుంది. పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: ఈబేలో 110 కొట్టబోయి 1,100 కొట్టేశాను. సెల్లర్‌ని వేలం ఆపమని బతిమాలుకోవాలా? (తెనాలి)

అక్కర్లేదు. పొరపాటున తప్పు అంకె పడితే బిడ్ వెనక్కి తీసుకునే ఆప్షన్ ఉంది. 12 గంటలకి పైగా టైముంటే తీసుకోవచ్చు, 12 గంటల లోపైతే బిడ్ వేసిన గంటలోపే తీసుకోవాలి. వెనక్కి తీసుకున్న వెంటనే సరైన అంకెతో మళ్లీ బిడ్ వేయండి, సెల్లర్‌కి ఒక సారీ రాయండి. ఊరికే మనసు మారినప్పుడల్లా ఇది వాడితే మాత్రం అకౌంట్ మీద ఆంక్షలు పడొచ్చు.