మాది సోంపేటే, అయినా నన్ను హిందీలో పలకరిస్తారు

ప్రశ్న: మేడమ్, నాన్నది సోంపేట దగ్గర పల్లె, ఓడల్లో పనిచేసేవారు. అమ్మది ఫిలిప్పీన్స్, మనీలా దగ్గర. నేను 2002లో శ్రీకాకుళంలోనే పుట్టాను, తెలుగు మీడియంలో చదివాను. అయినా బస్సెక్కితే కండక్టర్ హిందీలో మాట్లాడతాడు, విజయనగరం పైడితల్లి పండక్కి వెళ్తే "నేపాలా?" అంటారు. వీడియో కాల్‌లో అమ్మ తరఫు పిల్లలకేమో నేను ఇండియన్ని, వాళ్ల మాటలు సగం అర్థం కావు. ఇప్పుడు సంబంధాలు చూస్తుంటే అమ్మ గురించే ఆరాలు. నాకు పాస్‌పోర్టు కూడా రాదని ఎవరో అన్నారు, అదొక టెన్షన్. అసలు నేను ఎక్కడిదాన్ని?
– ఒక సోదరి, సోంపేట

జవాబు: ముందు పాస్‌పోర్టు సంగతి తేల్చేద్దాం తల్లీ. 1987 జూలై 1 నుంచి 2004 డిసెంబరు 3కి ముందు వరకు మన దేశంలో పుట్టినవాళ్లకి, అమ్మానాన్నల్లో ఒక్కరు భారత పౌరులైనా చాలు, పుట్టుకతోనే పౌరసత్వం ఉన్నట్టే. ధైర్యంగా దరఖాస్తు పెట్టు.

ఇక మొహం చూసి ఊరు తేల్చేసేవాళ్లు. వాళ్లు మామూలుగానే అడుగుతారు, కానీ రోజూ వినేది నువ్వు, ఆ బాధ నాకు తెలుస్తోంది. ఓపికుంటే "సోంపేట ఒకటియ్యండి" అని మన యాసలో అను, లేనిరోజు ఊరుకో, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. అసలు మన ప్రాంతం ఒక్క రకం మనుషులది ఎప్పుడైంది? ఇచ్ఛాపురం వైపు తెలుగూ ఒడియా కలిసే వినిపిస్తాయి, సీతంపేట కొండల్లో సవర మాట్లాడతారు. ఒకప్పుడు ఇక్కణ్ణించి రంగూన్ రేవుల్లో కూలికి వెళ్లినవాళ్లలో కొందరు బర్మా ఆడవాళ్లని పెళ్లి చేసుకున్నారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు, మళ్లీ 1962లో అక్కడ సైనిక పాలన మొదలయ్యాక ఎన్నో తెలుగు కుటుంబాలు తిరిగొచ్చేశాయి. నీలాంటి పిల్లలు ఈ నేలకి కొత్త కాదు.

సంబంధాల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నా, అమ్మని దాచొద్దు. అమ్మమ్మ, మావయ్యల ఫోటోలు ముందే చూపించండి. వాళ్ల వైపు చింతపండుతో చేపలు పుల్లగా వండే సినిగాంగ్ మీ ఇంట్లో చేస్తుంటే, పెళ్లివారొచ్చిన రోజు అదే వడ్డించండి. మొహం చిట్లించేవాళ్లని అక్కడే వదిలేయొచ్చు, దాచి కుదుర్చుకుంటే జీవితాంతం దాస్తూనే ఉండాలి.

ఉత్తరంలో అమ్మ గురించి అందరూ ఏమంటున్నారో రాశావు గానీ, అమ్మ ఏమంటోందో రాయలేదు. సొంత భాషలో మాట్లాడుకోడానికి ఇంట్లో మనిషే లేకుండా ఆవిడ ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది. రోజూ వంట దగ్గర కూర్చుని ఆవిడ దగ్గరే తగలాగ్ నేర్చుకో, వచ్చిన నాలుగు ముక్కలూ వీడియో కాల్‌లో మాట్లాడు. తప్పులు పోతే ఆ పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. పాస్‌పోర్టు రాగానే ఇద్దరూ కలిసి వెళ్లి రండి.