ఎ320లో థ్రాటిల్ మాట వినకపోతే ముందు ఎఫ్ఎంఏ చదవండి

మీరు అడిగింది ఇదీ: సిమ్యులేటర్‌లో ఎయిర్‌బస్ ఎ320 టేకాఫ్ బాగానే అవుతోంది, పైకి ఎక్కేటప్పుడు మాత్రం థ్రాటిల్ ముందుకు నెట్టినా ఇంజన్లు స్పందించడం లేదు, ఒక్కోసారి చెయ్యి వేయకుండానే ఎన్1 (ఇంజన్ ముందు ఫ్యాన్ తిరిగే వేగం) పెరిగి తగ్గుతోంది, థ్రాటిల్ పరికరం మార్చాలా అని. మార్చకండి. సిమ్యులేటర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించే పని కూడా పెట్టుకోకండి. ముందు ఒక్క విషయం చెప్పండి: ఇంజన్ మీ మాట వినని ఆ క్షణంలో పీఎఫ్‌డీ (పైలట్ ఎదుట వేగం, ఎత్తు చూపే ప్రధాన తెర) పైభాగాన, ఏ మోడ్ పనిచేస్తోందో చెప్పే ఎఫ్ఎంఏ పట్టీలో ఏమని రాసి ఉంది?

ఈ ప్రశ్న అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. మీ సమస్యలో సగం అక్కడే ఉందని నా గట్టి నమ్మకం. ఎ320లో థ్రాటిల్ లివర్లు కారులో యాక్సిలరేటర్ లాంటివి కావు. ఐడిల్ (కనిష్ఠ శక్తి), సీఎల్ (పైకి ఎక్కే శక్తి, క్లైంబ్), ఫ్లెక్స్-ఎంసీటీ (తగ్గించిన టేకాఫ్ శక్తి), టోగా (పూర్తి శక్తి) అని లివర్ ఆగే గాళ్లున్నాయి. టేకాఫ్ ఫ్లెక్స్‌లోనో టోగాలోనో చేస్తాం. నేల నుంచి సాధారణంగా 1500 అడుగులు ఎక్కాక ఎఫ్ఎంఏలో ఎల్‌వీఆర్ సీఎల్‌బీ (లివర్ క్లైంబ్) అనే అక్షరాలు మిణుకుమంటాయి. అప్పుడు లివర్లను సీఎల్ గాడిలోకి లాగాలి. అక్కడి నుంచి ఇంజన్ శక్తిని తనే సర్దే ఆటోథ్రస్ట్ పని మొదలవుతుంది, మామూలు ప్రయాణంలో దిగే ముందు వెనక్కి లాగేదాకా వాటిని ముట్టుకోనక్కర లేదు. కంప్యూటర్ ఎన్1 ఎంత మార్చినా లివర్ వెంట్రుకవాసి కూడా కదలదు. కాబట్టి చెయ్యి వేయకుండా రెండు ఇంజన్లూ కలిసి పెరిగి తగ్గుతున్నాయంటే విమానం తన పని తాను చేస్తోందన్నమాట.

నెట్టినా స్పందించకపోవడానికి కారణం కూడా ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతుంది. ఆటోథ్రస్ట్ పనిచేస్తుండగా సీఎల్‌కు దిగువన లివర్ ఎక్కడుంటే ఇంజన్‌కు అదే గరిష్ఠ పరిమితి. మీ పరికరంలో గాడి ఒకచోట, సిమ్యులేటర్‌కు తెలిసిన సీఎల్ మరోచోట ఉంటే, మీరు సీఎల్‌లో పెట్టాననుకుంటారు, విమానం లేదనుకుంటుంది. ఎల్‌వీఆర్ సీఎల్‌బీ మిణుకుతూనే ఉంటుంది, ఎక్కడం మందగిస్తుంది. సిమ్యులేటర్‌కు ఉచితంగా దొరికే ఫ్లైబైవైర్ ఎ32ఎన్ఎక్స్ అనే ఎ320లో అయితే ఫ్లైప్యాడ్ (కాక్‌పిట్‌లోని ట్యాబ్లెట్) తెరిచి, థ్రాటిల్ కాలిబ్రేషన్‌లో ఒక్కో గాడి దగ్గర లివర్ పెట్టి ఆ విలువను గుర్తు పెట్టించాలి. పరికరం కొత్తదైనా ఈ పని తప్పదు.

ఇంకో రెండు సందర్భాలున్నాయి. లివర్లు సీఎల్‌లో ఉండగా ఎఫ్‌సీయూ (అద్దం కింద ఉండే ఆటోపైలట్ ప్యానెల్) మీది బటన్‌తో ఆటోథ్రస్ట్ ఆపేస్తే ఇంజన్ శక్తి ఉన్నచోటే బిగుసుకుంటుంది, టీహెచ్ఆర్ ఎల్‌కే (థ్రస్ట్ లాక్) అని కనిపిస్తుంది. లివర్ కదిపితే విడుదలవుతుంది. వేగం ప్రమాదకరంగా పడిపోయి పూర్తి శక్తి తనే ఇచ్చే ఆల్ఫా ఫ్లోర్ అనే రక్షణ రంగంలోకి దిగితే, ఆ తర్వాత టోగా ఎల్‌కే (టోగా లాక్) వస్తుంది. ఇందులో లివర్లు ఎంత వెనక్కి లాగినా ఇంజన్లు పూర్తి శక్తితోనే అరుస్తుంటాయి. ఆటోథ్రస్ట్‌ను డిస్‌కనెక్ట్ చేస్తేనే వదులుతుంది. ఈ రెండింటినీ బగ్ అని తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. అసలు ఎ320 కూడా అలాగే చేస్తుంది.

పరికరంలో నిజంగా లోపం ఉన్న సందర్భం కూడా చెబుతాను. మా మేనల్లుడు విశాఖలో ఉంటాడు. రెండు లివర్లున్న పాత థ్రాటిల్ పెట్టెను ఎవరి దగ్గరో కొన్నాడు. ఒక సాయంత్రం ఫోన్ చేసి, "మామయ్యా, రెండో ఇంజన్ ఊగుతోంది, విండోస్ కూడా మళ్లీ ఎక్కించేశాను" అన్నాడు. ఆ సలహా ఎవరిచ్చారో కానీ నాకు ఒళ్లు మండింది. వంద గిగాబైట్లు దాటిన సిమ్యులేటర్‌ను, రోజుకింత అని లెక్కగా వచ్చే మొబైల్ డేటాతో మళ్లీ దించుకోమని ఒక పిల్లవాడికి చెప్పడమేమిటి? లక్షణం వినకుండా మందు రాసినట్లు, ఏ సమస్య చెప్పినా మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి అంటారు.

వాళ్లింటికి వెళ్లినప్పుడు పక్కన కూర్చున్నాను. విశాఖ నుంచి శంషాబాద్‌కు బయలుదేరాడు. పది వేల అడుగులు దాటి ఎక్కుతున్నప్పుడు కుడి ఇంజన్ ఎన్1 సూది ఒక్కసారి కిందికి తూలి మళ్లీ లేచింది. వాడు ఆ సూదినే చూస్తున్నాడు. "అది కాదురా, ఎడమవైపు పైగడి చూడు" అన్నాను. మళ్లీ సూది తూలినప్పుడు ఆ గడిలో ఎల్‌వీఆర్ ఏఎస్‌వైఎం అని ముదురు పసుపు అక్షరాలు రెప్పపాటు మెరిసి మాయమయ్యాయి. రెండు ఇంజన్లూ నడుస్తుండగా ఒక లివర్ సీఎల్‌లో ఉండి రెండోది అందులోంచి జారితే వచ్చే సందేశం అది. మేమిద్దరం లివర్లను ముట్టుకోలేదు. అంటే రెండో లివర్ కదిలానని సిమ్యులేటర్‌కు అబద్ధం చెబుతోంది.

విమానాన్ని నిలిపి, విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల పేజీ తెరిచాం. మొదటి లివర్ గీత కదలకుండా నిలబడింది. రెండోది లివర్ గాడిలో ఉండగానే సన్నగా వణుకుతోంది, మధ్యమధ్య ఒక్క గంతు వేస్తోంది. లోపల ఉన్నది లివర్ స్థానాన్ని కొలిచే మామూలు పొటెన్షియోమీటర్. దాని లోపలి పట్టీ మీద మురికి చేరితే ఇలాగే గంతులేస్తుంది, విశాఖ సముద్రపు గాలికి అది ఇంకా తొందరగా పాడవుతుందని నా అభిప్రాయం. యూఎస్‌బీ తీగ పీకి, అడుగున స్క్రూలు విప్పాం. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే కాంటాక్ట్ క్లీనర్‌ను పొటెన్షియోమీటర్ సందులోకి కొద్దిగా కొట్టి, లివర్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు చాలాసేపు తిప్పాం. ఆరాక మళ్లీ కాలిబ్రేషన్ చేసి, సీఎల్ గాడి దగ్గర డెడ్‌బ్యాండ్ (చిన్న కదలికలను పట్టించుకోని మేర) కాస్త పెంచాం. గీత నిలబడింది. కొత్తది కొనాల్సిందేనని చెప్పిన దుకాణదారుడి మీద నాకింకా కోపం తగ్గలేదు. కుట్టుమిషన్ నూనె వేయమని వాడికి ఎవరో చెప్పారట. దయచేసి ఎవరూ వేయకండి, నూనెకు దుమ్ము అంటుకుని ఉన్నది కూడా పోతుంది.

మీ సమస్య ఇది కాకపోవచ్చు కూడా. మైక్రోసాఫ్ట్ ఫ్లయిట్ సిమ్యులేటర్ అయితే గేమ్‌ప్యాడ్ కూడా తగిలించి ఉందేమో చూడండి. కొత్త పరికరం పెడితే సిమ్యులేటర్ తనకు తోచిన బటన్లు తనే కేటాయిస్తుంది, రెండు పరికరాలు ఒకే థ్రాటిల్‌కు ముడిపడితే వాటి మధ్య కుస్తీ నడుస్తుంది. కంట్రోల్స్‌లో థ్రాటిల్ అని వెతికి, మీ పరికరానివి తప్ప మిగిలినవన్నీ తీసేయండి. వీడియోల్లో సెన్సిటివిటీ గీతను వంపుగా పెట్టమని చెప్పేవాళ్లను నమ్మకండి. వంపు పెడితే గాళ్ల స్థానాలు జరిగిపోతాయి, కాలిబ్రేషన్ వృథా అవుతుంది. గీతను తిన్నగానే ఉంచండి.

బోయింగ్ 737కు మారాలనుకుంటే అక్కడ కథ వేరు. ఆటోథ్రాటిల్ అసలు విమానంలో లివర్లను మోటార్లతో కదుపుతుంది, టేకాఫ్‌లో 84 నాట్ల దగ్గర టీహెచ్ఆర్ హెచ్ఎల్‌డీ (థ్రస్ట్ హోల్డ్) అని చూపించి ఆ మోటార్లను వదిలేస్తుంది. మన బల్ల మీది లివర్‌కు మోటారు ఉండదు. తెర మీది లివర్ ఒకచోట, మన చేతిది మరోచోట ఉండగా ఆటోథ్రాటిల్ ఆపితే శక్తి ఒక్కసారిగా మన లివర్ ఉన్నచోటికి గెంతవచ్చు. ఆపే ముందు రెండింటినీ కలపండి.

ఎఫ్ఎంఏ గురించి ఇంతగా పట్టుబట్టడానికి నాకు కారణం ఉంది. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి బెంగళూరు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 విమానం రన్‌వేకు చేరకుండానే గోల్ఫ్ మైదానంలో పడింది. అదీ ఎ320యే, మన దేశానికి అప్పుడప్పుడే వచ్చింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. చివరి దశలో విమానం ఓపెన్ డిసెంట్ అనే దిగే మోడ్‌లో ఉండిపోయింది. ఆ మోడ్‌లో ఇంజన్లు ఐడిల్‌లోనే ఉంటాయి, వేగాన్ని ముక్కు వంచి కాపాడుకోవాలి. వేగం పడిపోతున్నా ఇంజన్లు లేవలేదు. శక్తి అడిగేసరికి ఆలస్యమైంది, ఎందుకంటే జెట్ ఇంజన్ ఐడిల్ నుంచి పుంజుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. 2013 జూలై 6న శాన్ ఫ్రాన్సిస్కోలో ఆసియానా 214 విషయంలోనూ ఆటోథ్రాటిల్ హోల్డ్‌లో ఉండి వేగాన్ని నిలబెట్టలేదు. విమానం బోయింగ్ 777, ముగ్గురు చనిపోయారు. ఇంజన్ ఇప్పుడు ఎవరి మాట వింటోందో చెప్పే అక్షరాలు రెండు విమానాల్లోనూ పైలట్ల కళ్లెదుటే ఉంటాయి. ఇంట్లో కుర్చీలో కూర్చుని నడిపే మనకు ప్రాణభయం లేదు కాబట్టి ఆ పట్టీని చదవడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ఈసారి ఎక్కేటప్పుడు లివర్లను సీఎల్‌లో పెట్టి చేతులు తీసేయండి. సమస్య వచ్చిన క్షణంలో సిమ్యులేటర్‌ను పాజ్ చేసి ఎఫ్ఎంఏ ఎడమ చివరి గడిలో ఏముందో, కుడి చివర ఏ/టీహెచ్ఆర్ నీలంగా ఉందో తెల్లగా ఉందో, రెండు ఎన్1లూ కలిసి కదిలాయో ఒకటే కదిలిందో రాసుకుని చెప్పండి. నీలం అంటే ఆటోథ్రస్ట్ సిద్ధంగా ఉంది కానీ ఇంకా పని మొదలుపెట్టలేదు, తెలుపు అంటే పనిచేస్తోంది. ఆ వివరాలు తెలిస్తే లోపం లివర్‌లో ఉందా, సెట్టింగ్‌లలో ఉందా అన్నది తేల్చవచ్చు.