సైన్యంలో గడిపిన ఏళ్లను పింఛన్‌లో కలుపుకోవడం గురించి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమెరికా సైన్యంలో నాలుగేళ్లు పూర్తి చేసుకుని, ఏడు నెలలు తిరగకుండానే ఫెడరల్ ఉద్యోగంలో చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. ఆ దారిలో నీకన్నా ముందు నడిచినవాణ్ణి కాబట్టి, నేను చేసిన ఒక పొరపాటు నువ్వు చేయకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా జీతం చీటీ మీద సర్వీసు తేదీ అన్న గడి చూస్తే, అందులో తేదీ నేను చేరిన రోజుకు ఐదేళ్లు వెనక్కి జరిగి ఉంది. కొత్తవాళ్లకు రెండు వారాల పే పీరియడ్‌కు 4 గంటల సెలవు జమ అవుతుంటే నాకు 6 గంటలు జమ అయ్యేది, అంటే ఏడాదికి 13 రోజుల బదులు 20 రోజులు. సైన్యంలో చేసిన సర్వీసంతా కలిసిపోయిందని నిశ్చింతగా కూర్చున్నాను. తొమ్మిదో ఏట పింఛన్ అంచనా వేయించుకుంటే అందులో ఆ ఐదేళ్ల ఊసే లేదు. ఆ గడిలోది సెలవుల లెక్కకు మాత్రమే పనికొచ్చే తేదీ అనీ, పింఛన్ లెక్కకు వేరే తేదీ ఉంటుందనీ సిబ్బంది విభాగంలో ఎవరూ చెప్పలేదు; నేనూ అడగలేదు. చివరికి వడ్డీతో సహా కట్టాను.

సెలవుల లెక్కకు పైసా కట్టనక్కర లేదు, కానీ ఫెడరల్ ఉద్యోగుల పింఛన్ పథకమైన ఫెర్స్‌లో ఆ ఏళ్లు కలవాలంటే వాటిని కొనుక్కోవాలి. సైన్యంలో నీకు వచ్చిన మూలవేతనం మొత్తం మీద సాధారణంగా 3 శాతం డిపాజిట్ కట్టాలి. ఇంటి అలవెన్సు, భోజనపు అలవెన్సు ఇందులోకి రావు. ఉదాహరణకు నాలుగేళ్ల మూలవేతనం 1,20,000 డాలర్లు అనుకుంటే కట్టవలసింది 3,600 డాలర్లు. ఇక పింఛన్ వైపు చూడు: వరుసగా మూడేళ్లపాటు అత్యధికంగా అందుకున్న జీతపు సగటులో, ఏడాది సర్వీసుకు 1 శాతం చొప్పున లెక్క కడతారు. రిటైరయ్యేనాటికి ఆ సగటు 90,000 డాలర్లుంటే, కొనుక్కున్న నాలుగేళ్లు ఏటా 3,600 డాలర్లు అదనంగా తెస్తాయి. కట్టిన సొమ్మంతా మొదటి ఏడాదిలోనే తిరిగి వస్తుంది, ఆ తర్వాత బతికినన్నాళ్లూ వచ్చేదంతా లాభమే. 62 ఏళ్లు నిండి, మొత్తం సర్వీసు 20 ఏళ్లకు తగ్గకుండా ఉంటే ఆ 1 శాతం 1.1 శాతమవుతుంది. ఇంత నిక్కమైన బేరం నా జీవితంలో ఇంకొకటి చూడలేదు.

అయితే గడువు మరచిపోకు. ఫెర్స్‌లో చేరిన నాటి నుంచి రెండేళ్ల వరకు వడ్డీ లేదు. ఆ పైన వడ్డీ మొదలైనా దాన్ని ఏడాది చివర ఒకేసారి వేస్తారు కాబట్టి, మూడో వార్షిక తేదీ రాకముందే పూర్తిగా కట్టేస్తే వడ్డీ పడదు. ఒకేసారి కట్టవచ్చు, జీతంలోంచి కొద్దికొద్దిగా కోయించుకోనూవచ్చు. ఎలా కట్టినా ఉద్యోగం వదిలేలోపే, నువ్వు పనిచేస్తున్న శాఖ ద్వారానే పూర్తి చేయాలి. ఇంకొక మాట: ఫెర్స్ పింఛన్‌కు అర్హత రావాలంటే సైన్యం కాని ఫెడరల్ ఉద్యోగంలో ఐదేళ్ల సర్వీసు ఉండి తీరాలి, ఆ ఐదింటిలో సైన్యం ఏళ్లు చెల్లవు.

కాగితాల పని డీడీ-214తో, అంటే సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పత్రంతో మొదలుపెట్టు. దానిలో మెంబర్-4 కాపీయే తీసుకో, ఎందుకంటే నీ సర్వీసు ఏ రకంగా ముగిసిందో చెప్పే 24వ గడి కుదించిన కాపీలో ఉండదు. 12వ గడిలో తేదీలు ఒకటికి రెండుసార్లు సరిచూసుకో. 29వ గడిలో కోల్పోయిన రోజులంటూ ఏవైనా రాసి ఉంటే అవి లెక్కలోకి రావు. ఆ కాపీని ఆర్‌ఐ 20-97 ఫారానికి జతచేసి సైనిక వేతనాల విభాగమైన డీఫాస్‌కు పంపితే, వాళ్లు నీ మూలవేతనాన్ని అంచనా కట్టి పంపుతారు. ఆ అంచనాతో పాటు డిపాజిట్ కట్టడానికి వేసే ఎస్ఎఫ్ 3108 దరఖాస్తును నీ శాఖలో ఇవ్వు. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు, అందుకే ఈ వారమే పంపమంటున్నాను.

మాజీ సైనికుల సంక్షేమం చూసే శాఖ అయిన వీఏ సంగతి పూర్తిగా వేరు. అక్కడ కొనుక్కోవలసిందేమీ లేదు, అదే డీడీ-214 చాలు. డిపాజిట్ కడితే వైకల్య పరిహారం ఆగిపోతుందేమోనని కొందరు భయపడతారు, అలా ఏమీ జరగదు. రెండూ తీసుకోవచ్చు, పైగా ఆ పరిహారం మీద పన్ను కూడా లేదు. మూడేళ్లకు పైగా క్రియాశీల సేవ చేశావు కాబట్టి 2001 సెప్టెంబరు 11 తర్వాతి జీఐ బిల్లు కింద చదువు సాయం నీకు పూర్తి స్థాయిలో వస్తుంది. నీ మోకాలి నొప్పికి మాత్రం ఆలస్యం చేయకుండా క్లెయిమ్ వేయి. డిశ్చార్జ్ అయిన ఏడాదిలోపు వేస్తే, మంజూరైన పరిహారాన్ని బయటికి వచ్చిన మర్నాటి నుంచి లెక్కిస్తారు. నీకు మిగిలింది ఐదు నెలలే.

రిజర్వులో, అంటే పార్ట్‌టైమ్ సైనిక సేవలో ఉన్న నీ స్నేహితుడికి కూడా ఒక మాట చెప్పు: వారాంతపు డ్రిల్లులు పింఛన్ కొనుగోలుకు చెల్లవు. 20 ఏళ్లు చేసి సైనిక పింఛన్ తీసుకుంటున్నవాళ్లయితే సాధారణంగా ఆ పింఛన్ వదులుకుంటేనే ఆ ఏళ్లు ఫెర్స్‌లో కలుస్తాయి. యుద్ధ గాయాల వల్ల రిటైరైన వారికి మినహాయింపు ఉంది. నీకు ఈ చిక్కు లేదు.

డబ్బంతా కట్టేశాక పూర్తిగా చెల్లించినట్టు ఉత్తరం అడిగి తీసుకో. దాని ప్రతి నీ సర్వీసు ఫైల్లో చేరిందో లేదో స్వయంగా తెరిచి చూసుకో, ఇంకొక ప్రతి ఇంట్లో డీడీ-214తో కలిపి దాచు.

ఇట్లు,
మీ మామయ్య