ఆదివారం లెక్కల తరగతి పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఎనిమిది నుంచి పది దాకా చదివే పిల్లల్లో లెక్కల పిచ్చి ఉన్నవాళ్ళను పోగుచేసి, ఆదివారాలు ఒలింపియాడ్ స్థాయి గణితం చెబుతానన్నావు. హెడ్మాస్టరు గది ఇస్తానన్నారంటే సగం పని అయినట్టే. పిల్లల్ని ఎంచుకోవడంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు.

మార్కుల లిస్టు ముందు పెట్టుకుని పైనుంచి పేర్లు రాసుకోకు. నూటికి నూరు తెచ్చుకునేవాళ్ళలోనూ కొందరికి ఎప్పుడూ చూడని లెక్క ఎదురైతే చెమటలు పడతాయి. మూడే లెక్కలిచ్చి గంటన్నర కూర్చోబెట్టు. జవాబు రాకపోయినా ఫర్వాలేదు, ఏం ప్రయత్నించారో చూడు. చిన్న సంఖ్యలతో చేసి చూసినవాళ్ళు, గీసిన బొమ్మ కొట్టేసి మళ్ళీ గీసినవాళ్ళు నీకు కావాలి. ఆదివారం పూట ఆడపిల్లల్ని పంపడానికి కొన్ని ఇళ్ళలో వెనకాడతారు. వాళ్ళ ఇంటికి నువ్వే వెళ్ళి మాట్లాడు, ఫోన్లతో కాదు.

మొదటి తరగతికి ఒక లెక్క చెబుతాను. వృత్తం మీద చుక్కలు పెట్టి, ప్రతి రెండు చుక్కల్నీ గీతతో కలిపితే లోపల అత్యధికంగా ఎన్ని ముక్కలవుతాయి? రెండు చుక్కలకు 2, మూడింటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16. ఆరింటికి ఎంతర్రా అంటే క్లాసంతా 32 అని అరుస్తుంది. సరే, గీసి లెక్కపెట్టండి అను. చుక్కలు సమాన దూరంలో పెట్టినవాళ్ళకు 30 వస్తుంది, వంకరటింకరగా పెట్టినవాళ్ళకు 31. 32 ఎవరికీ రాదు. తప్పు లెక్కపెట్టామేమోనని రబ్బరు తీస్తారు, ఒకరి నోటుబుక్కు ఇంకొకరు లాక్కుంటారు. ఆ గోలలో నువ్వు నోరు విప్పకు. సమదూరంలో పెడితే ఎదురెదురు చుక్కల్ని కలిపే మూడు కర్ణాలూ కేంద్రం దగ్గరే కలిసి, మధ్యలో ఉండాల్సిన చిన్న త్రిభుజం మాయమవుతోందని ఎవరో ఒకరు పట్టేస్తారు. 31 ఎందుకన్నది ఆ రోజే తేలక్కర్లేదు. గీతలు ఖండించుకునే ఒక్కో చోటుకీ నాలుగేసి చుక్కలు కారణమని తట్టడానికి కొందరికి వారం పడుతుంది. పట్టనీ. తెలిసిన జవాబు చెప్పకుండా బిగపట్టుకోవడం మనకే కష్టం, పిల్లలకు కాదు.

ఇక రాత సంగతి. మన దేశంలో ఒలింపియాడ్ దారిలో మొదటి మెట్టు పరీక్ష ఐఓక్యూఎంలో 30 ప్రశ్నలు, మూడు గంటలు, జవాబు అంకెలు వేస్తే చాలు. దాన్ని దాటాక అంతా రుజువులే. జాతీయ స్థాయి పరీక్ష ఐఎన్‌ఎంఓలో ఆరు లెక్కలకు నాలుగున్నర గంటలిస్తారు. లెక్కకు రెండు నిమిషాలని అలవాటైన మన కోచింగ్ పిల్లలు అక్కడే బెంబేలెత్తిపోతారు. అందుకని వారానికి ఒక్క రుజువైనా పూర్తిగా రాయించు. తెలుగూ ఇంగ్లీషూ కలిపి రాసినా సరే, వాక్యానికీ వాక్యానికీ లంకె ఉందా లేదా చూడు. ‘స్పష్టమే’ అని రాసిన ప్రతిచోటా ఎర్రపెన్నుతో ‘ఎలా?’ అని రాయి. నువ్వు దిద్దే ముందు పక్కవాడి చేత చదివించు, వాడు నీకంటే కఠినంగా ఉంటాడు.

నంబర్ థియరీ, బీజగణితం, జ్యామితి, కాంబినటోరిక్స్ (ఎన్ని రకాలుగా ఎంచవచ్చో, అమర్చవచ్చో లెక్కించడం) చాలు. కలన గణితం జోలికి పోకు. అది ఎలాగూ ఇంటర్లో వస్తుంది. పాత పేపర్లు ఒలింపియాడ్ల పని చూసే ముంబైలోని హోమీ భాభా కేంద్రం సైటులో ఉచితంగా దొరుకుతాయి, మెటీరియల్ పేరుతో ఎవరికీ డబ్బు కట్టకు.

తల్లిదండ్రులు రెండో వారమే అడుగుతారు, ఇది ఐఐటీకి పనికొస్తుందా అని. కొంత పనికొస్తుంది అను, అంతకు మించి మాటివ్వకు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ), చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షల్లో రాసి నిరూపించే లెక్కలుంటాయి, అక్కడ బాగా అక్కరకొస్తుందని కూడా చెప్పు. 2024లో ఇంగ్లండ్‌లోని బాత్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో మనవాళ్ళు నాలుగు స్వర్ణాలతో నాలుగో స్థానంలో నిలిచిన వార్త చూపించి ఎవరైనా ఆశపడితే, దేశం మొత్తం మీద వెళ్ళేది ఆరుగురేనని మొదటి రోజే చెప్పెయ్యి. పతకం టెన్షన్ ఇంట్లో మొదలైతే ఆ పిల్లవాడు ఆదివారం రావడం మానేస్తాడు.

మొదటి నెలకు లెక్కలు ఎంచుకున్నాక వాట్సాప్‌లో పంపు. వాటి జవాబులు మాత్రం పంపకు, నేనూ కూర్చుని చేసుకుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు