అమెరికా ‘ప్రెప్ స్కూల్’ మన ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ లాంటిదేనా?

రెండూ పై చదువులకు సిద్ధం చేసేవే, కానీ పద్ధతి పూర్తిగా వేరు. న్యూహాంప్‌షైర్‌లోని ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీనే తీసుకోండి. 1781లో పెట్టిన ప్రైవేటు స్కూలు, 9 నుంచి 12వ తరగతి దాకా ఉంటుంది. ఎక్కువమంది హాస్టల్లో ఉంటారు, దగ్గర్లోని పిల్లలు ఇంటి నుంచి వచ్చి వెళ్తారు.

అసలు విశేషం తరగతి గదిలో ఉంది. 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే దాత ఇచ్చిన భారీ విరాళంతో అక్కడ కోడిగుడ్డు ఆకారపు పెద్ద బల్లల చుట్టూ చదువు మొదలైంది. ఒక్కో బల్ల దగ్గర పన్నెండు మంది దాకా పిల్లలు, వాళ్లతోపాటే టీచరు. లెక్కలైనా సరే, ముందుగా సొంతంగా ప్రయత్నించి వచ్చి, బోర్డు మీద చేసి, ఎందుకలా చేశారో తోటివాళ్లకు చెప్పాలి. టీచరు లెక్చర్ ఇవ్వరు, చర్చ దారి తప్పకుండా చూస్తారు. అంతగా మాట్లాడని పిల్లలకు మొదట్లో టెన్షనే. అయినా మన పిల్లలకు అన్నిటికంటే ఎక్కువగా కావాల్సింది ఈ అలవాటేనని నా గట్టి అభిప్రాయం.

అక్కడ ఒక్క ఎంట్రన్స్ ర్యాంకు కోసం చదివించరు. కాలేజీ సీటుకు గ్రేడ్లు, వ్యాసాలు, టీచర్ల సిఫారసులు, ఆటలు, ఇతర ఆసక్తులు అన్నీ చూస్తారు.

ఫీజు చాలా ఎక్కువ. అయితే ఎక్సెటర్‌లో సీటు ఇచ్చేటప్పుడు కుటుంబ స్తోమత చూడరు, అవసరాన్ని బట్టి ఆర్థిక సాయం చేస్తారు. కాబట్టి ఫీజు అంకె చూసి అప్లికేషన్ మానుకోవద్దు.