సమాధానం: ‘మనోలితో గఫోతాస్’ ముందుకు సాగకపోతే

స్పానిష్‌లో బీ1 (మధ్యస్థాయి) పూర్తయినా ‘మనోలితో గఫోతాస్’ అనే పిల్లల పుస్తకమే కొరుకుడు పడటం లేదన్నారు. లోపం మీది కాదండీ. అది మాడ్రిడ్‌లోని కరబాంచెల్ పేట యాసలో, ఎకసెక్కాలతో నడుస్తుంది. నిఘంటువు చూస్తే తేలదు. పక్కన పెట్టేసి జోర్ది సియెర్రా ఇ ఫాబ్రా నవల ‘కాంపోస్ దె ఫ్రెసాస్’ (1997) పట్టుకోండి. మత్తుమాత్ర మింగి కోమాలోకి జారిన లుసియానా, అపరాధభావంతో నలిగే స్నేహితులు. బరువైన కథే, కానీ అధ్యాయాలు పొట్టివి, సంభాషణలెక్కువ.

అక్కడే తికమక. కొటేషన్ గుర్తులకు బదులు పొడుగు గీతలుంటాయి: మొదటి గీత తర్వాత పాత్ర మాట, రెండోదాని తర్వాత రచయిత మాట, మూడోది వస్తే మళ్ళీ పాత్రే. లాటిన్ అమెరికా స్పానిష్ నేర్చుకున్నవారైతే స్పెయిన్‌లో చనువుగా ‘మీరంతా’ అనడానికి వాడే ‘వొసోత్రోస్’ క్రియారూపాలు (హబ్లాయిస్, కొమేయిస్) ముందే చూసుకోండి. అధ్యాయాన్ని తొలిసారి నిఘంటువు లేకుండానే చదవండి. రెండోసారి ఐదు మాటలు వెతికితే చాలు.